చీటీలో లేని పని

బర్కా,
ఒమాన్. బక్రీద్ పండగకు ఇరవై రోజుల ముందు

ప్రియమైన ఖమరన్నకు,

ఓబయ్య రాసేది. నేను క్షేమం. నువ్వు, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను.

మొన్న ఫోన్ చేసినప్పుడు నేను అరిచిన అరుపులకు పక్క తోటలో పనిచేసేవాళ్ళు ఇక్కడేదో కొట్లాట జరుగుతోందని పరిగెత్తుకొచ్చారు. నీకు మాత్రం ఒక్క ముక్క వినబడలేదు. అందుకే ఇకమీదట ఇలా కాగితం మీద రాసి, ఫోటో తీసి, మీ మనవరాలు తహ్సీన్ ఫోన్‌కు పంపుతాను. నువ్వూ అట్లే చెయ్యి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా నీ చేతిరాత రాయచోటి బడిలో నేర్చిన తెలుగే కదా, నాకు సులభంగా అర్థమవుతుంది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. పది దాటితే తోటలో నిలబడలేము. ఖర్జూరం గెలలు రంగు తిరుగుతున్నాయి. నువ్వు వెళ్ళి ఏడాది అయింది, నీ మంచం మీద ఇప్పుడు అంజి పడుకుంటున్నాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మంచివాడే. కానీ గురక పెడతాడు. ఆ గురకకు నీలాంటి చెవులుంటేనే సుఖం. ముర్తుజా ఎప్పట్లాగే ఉన్నాడు, పండగ అయ్యాక లీవు మీద ఊరికి వస్తాడట.

ఇక అసలు సంగతి. ఈసారి పండగకు సంచిలో కట్టి నిప్పుల గుంతలో పెట్టే మాంసం నన్ను చేయమంటున్నారు. పదిహేనేళ్ళు నువ్వు చేశావు, మన తోట యజమాని అర్బాబ్ ఇంటి సంచీ నీదే, మన రూము సంచీ నీదే. పోయిన ఏడు నువ్వు వెళ్ళిపోయాక అర్బాబ్ బంధువులెవరో చేశారు, అర్బాబ్ వాళ్ళమ్మ మామా అజీజా రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కకు జరిపింది. ఈసారి నన్ను పిలిచి, "ఖమర్ పక్కన ఇన్నేళ్ళున్నావు, నువ్వే చెయ్యి" అంది. నాకు రాదు అన్నాను. రాకపోతే ఖమర్‌నే పిలిపిద్దాం, చెవి వినబడకపోతేనేం, చేతులున్నాయి కదా అంది. నవ్వుతూనే అంది కానీ అర్బాబ్ నవ్వలేదు. తోటలో ఇకమీదట ముగ్గురే చాలంట. అంజి, ముర్తుజా కొత్తగా కాగితాలు చేయించుకున్నవాళ్ళు. నన్ను ఇక్కడ ఉండనిచ్చే బతాకా కార్డు గడువు పండగ తర్వాత నెలకు తీరిపోతుంది. మూడో మనిషి ఎవరో పండగ అయ్యాక చూద్దామన్నాడు.

నీకు తిరిగి రావాలని ఉందని నాకు తెలుసు. నీకోసం వీసా అడగమని నువ్వు చెప్పింది మర్చిపోలేదు. కానీ మా అమ్మాయి శ్రీవాణి నర్సింగ్ ఇంకా రెండేళ్ళుంది. నాకూ ఈ రెండేళ్ళు కావాలి. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఉన్నదున్నట్టు రాశాను.

ఆ మసాలా ఎట్లా చేస్తావో, మొదటినుంచి చివరిదాకా రాసి పంపు.

వదినకు నమస్కారాలు.
నీ తమ్ముడు,
ఓబయ్య


రాయచోటి,
శనివారం

చిరంజీవి ఓబయ్యకు దీవెనలు.

నీ ఉత్తరం తహ్సీన్ చదివి వినిపిస్తానంది. వద్దమ్మా, నా కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి అని ఫోన్ లాక్కుని నేనే చదువుకున్నాను. రెండుసార్లు చదివాను.

రాసుకో. ముందు చేతులు కడుక్కో. నవ్వొద్దు, నీ సంగతి నేనెరుగుదును, మేకల దగ్గర్నుంచి నేరుగా వచ్చి టీ గ్లాసు పట్టుకునే మనిషివి.

ఎండుమిరప గింజలు దులిపేసి ఉడుకునీళ్ళలో వేసి మెత్తగా నూరు. వెల్లుల్లి తక్కువ కాకూడదు, నువ్వు చాలనుకున్న దానికి ఇంకో గుప్పెడు వెయ్యి. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఏలకులు, లవంగం, చెక్క దోరగా వేయించి దంచు. మిక్సీలో వెయ్యొద్దు, మిక్సీలో వేస్తే మామా అజీజా వాసన చూసి చెప్పేస్తుంది. ఖర్జూరం వెనిగర్ పొయ్యి, తోటలో నిమ్మకాయలు పిండు, ఉప్పు చూసుకో. మొదటి రోజు నమాజయ్యాక మేకను కోస్తారు. తొడలకూ భుజాలకూ ఎముక తగిలేదాకా గాట్లు పెట్టు. ఆ గాట్లలోకి వేళ్ళతో కూరు. పైపైన పూస్తే అది మసాలా కాదు, పౌడరు.

అరటాకులు మంట మీద చూపి వాడ్చు, లేకపోతే చిరుగుతాయి. రెండు వరుసలు చుట్టు. ఖర్జూరపాకుతో అల్లిన సంచిలో పెట్టి మూతి కుట్టి, ఇనుప తీగతో బిగించు. మన సంచికి గుర్తుగా పాలడబ్బా మూతకు చిల్లు పొడిచి తీగకు గుచ్చు. పక్క తోటలవాళ్ళ సంచులూ అదే గుంతలో పడతాయి, గుర్తు లేకపోతే మన మాంసం ఇంకొకరు తింటారు. సాయంత్రానికి గుంతలో కట్టెలు కాలి నిప్పులై ఉంటాయి. అందులోకి దింపి, రేకు మూసి, పొగ ఒక్క పోగు కూడా రాకుండా మట్టి మెత్తాలి. మూడో రోజు పొద్దున తియ్యాలి.

ఇంతే. ఇందులో నేను వదిలేసిందేదీ లేదు.

నా సంగతి ఏముందిలే. చెప్పుల అంగడి మా కొడుకు అఖీల్ చూసుకుంటున్నాడు. నేను వెళ్ళి ఒక పెట్టె దించబోతే "అబ్బాజాన్, నువ్వు కూర్చో" అంటాడు. ఇంటికొస్తే కోడలు కూర్చోమంటుంది. మీ వదిన కూర్చోమంటుంది. వినబడని చెవికి కూడా ఆ ఒక్క మాట బాగా వినబడుతోంది. అక్కడ నేను ఖమర్ ఉస్తాద్‌ని. అర్బాబ్ చుట్టాలు రుస్తాఖ్ నుంచి కారు వేసుకొచ్చి నా సంచి తిని పోయేవాళ్ళు. ఇక్కడ నేను కుర్చీలో ఒక మనిషిని. చచ్చేలోపు ఇంకొక్కసారి అక్కడికి రావాలని ఉంది ఓబయ్యా, దీంట్లో సిగ్గుపడేదేమీ లేదు.

నా వీసా మాట అర్బాబ్‌తో మళ్ళీ ఒకసారి కదిలించు.

ఇట్లు,
ఖమరుద్దీన్


బర్కా,
పండగకు మూడు రోజుల ముందు

ప్రియమైన అన్నకు,

నీ చీటీ అందిన రోజే పెద్ద అక్షరాలతో తిరగరాసి, వంటగదిలో గ్యాస్ పొయ్యి పైన గోడకు అంటించాను. అంజి దాన్ని చూసి, "గింత పెద్ద పరీక్షనా ఓబన్నా, నేనైతే ఫెయిలే" అన్నాడు. ఒక్కొక్కటే చదివి సామాను తెచ్చాను.

ఇక్కడ పండగ సందడి నీకు చెప్పాలా. బర్కా బజారులో కారు పెట్టుకోను చోటు లేదు. ముర్తుజా అల్ మవాలేలో దర్జీకి గుడ్డ ఇచ్చి నెలయింది. నిన్న పోతే, అరబ్బుల బట్టలే కుట్టలేక చస్తున్నాను, నీది పండగ అయ్యాక చూద్దామన్నాడట. పాత చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ దర్జీని తిడుతున్నాడు. మంగలి షాపు దగ్గర రోడ్డు దాకా వరస ఉంది. నేను ముందే గొరిగించుకున్నాను.

మొన్న అర్బాబ్ నన్ను రుస్తాఖ్ సంతకు తీసుకెళ్ళాడు. పండగ ముందు సంత కదా, కోటకివతల అంతా మేకలూ జనమే. పిల్లకాయలకు బొమ్మలు, ముసలివాళ్ళకు హల్వా, అందరి చేతుల్లో కర్రలు. అర్బాబ్ కొమ్ములు చూసి బేరం చేస్తాడు, నేను పళ్ళు చూసి వద్దంటాను. చివరికి నేను చెప్పిందే కొన్నాడు. వచ్చేటప్పుడు కారులో నీ మాట ఎత్తాను. గేటు దగ్గర కూర్చోడానికీ మేకలు చూసుకోడానికీ చెవులతో పనేముంది, ఖమర్‌ను పిలిపించండి అన్నాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఉన్నది ఒక్క చోటే ఓబయ్యా. నువ్వా, ఖమరా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదన్నా. నువ్వు అని చెప్పలేదు, నేను అనీ చెప్పలేదు. బర్కా వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నీ పేరు చెప్పి ఉండాల్సిందని అప్పట్నుంచీ మనసు పీకుతోంది. క్షమించు. శ్రీవాణి ముఖం గుర్తొచ్చింది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఆ మాంసం ఒక్కటే. బాగా వస్తే నేను ఉంటాను, చెడిపోతే పోతాను. నువ్వు రాసిన దాంట్లో ఒక్క అక్షరం కూడా దాటను. నీ మనసు పెద్దది కాబట్టి అంతా రాసి పంపావు. నీ చోటులో నేనుంటే అంత వివరంగా రాసేవాణ్ణో లేదో నాకు తెలియదు.

నీకు, ఇంట్లో అందరికీ ముందుగానే పండగ శుభాకాంక్షలు.

నీ తమ్ముడు,
ఓబయ్య


రాయచోటి,
బక్రీద్ ముందు రోజు, రాత్రి

నాయనా ఓబయ్యా,

ఈ ఉత్తరం చూసిన వెంటనే చేస్తున్న పని ఆపి చదువు.

సంచి తడపాలి. మాంసం పెట్టకముందు ఖర్జూరపాకు సంచిని నీళ్ళలో బాగా తడిపి తియ్యాలి. ఎండు సంచి నిప్పుల మీద పడితే భగ్గుమంటుంది, అరటాకు మాడుతుంది, మాంసం బొగ్గు అవుతుంది. ఆ మాట నేను రాయలేదు.

మర్చిపోయి కాదు. ఆ రోజు అరటాకుల దాకా రాసి కలం ఆపాను. మామా అజీజా అన్న మాట గుర్తొచ్చింది. నీకు చేతకాకపోతే నన్ను పిలుస్తారు కదా. అది మనసులో మెదిలింది, నా చెయ్యి సంచి తడపడం దాటేసి తీగ దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత "వదిలేసిందేదీ లేదు" అని కూడా రాశాను. అరవై రెండేళ్ళ వయసులో, ఐదు పూటలా నమాజు చేసే మనిషిని, ఆ మాట రాశాను.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులయింది. "ఒక్క అక్షరం కూడా దాటను" అన్నచోటు చదివినప్పట్నుంచి పళ్ళెం ముందు కూర్చుని తినకుండానే లేచిపోతున్నాను. మీ వదిన జ్వరమేమోనని చెయ్యి పట్టి చూసింది. కారులో నువ్వు మాట్లాడకుండా కూర్చున్నందుకు నన్ను క్షమాపణ అడిగావు. నీ బిడ్డ చదువుకోసం నువ్వు నోరు మూసుకున్నావు, అంతే. నేను కుర్చీలో కూర్చోలేక నీ అన్నం కాల్చబోయాను. ఎవరు ఎవరిని క్షమించాలి?

పండగ రేపు కదా, ఇంకా వేళ ఉంది. తొందరగా తడుపు. చివాట్లు తర్వాత పెట్టు.

ఖమరుద్దీన్

మళ్ళీ రాస్తున్నాను. ఫోటో తీస్తూ తహ్సీన్ చెప్పింది, "దాదా, ఒమాన్‌లో పండగ ఇవ్వాళే, మనకే రేపు" అని. పదిహేనేళ్ళు అక్కడ పండగ చేసుకుని, ఇంటికి ఫోన్ చేసి "మాకు ఇవ్వాళ, మీకు రేపు" అని చెప్పినవాణ్ణి నేనే. ఒక్క ఏడాదిలో మర్చిపోయాను. ఈ పాటికి గుంత మీద మట్టి మెత్తేసి ఉంటారు. అల్లా, నేనేం చేశాను.


రాయచోటి,
పండగ అయిన ఐదో రోజు

ఓబయ్యా,

నా ఉత్తరం నువ్వు చూశావని తహ్సీన్ ఫోన్‌లో చూపించింది. రెండు గీతలూ నీలంగా మారాయట. ఐదు రోజులుగా జవాబు లేదు.

తిట్టు. పెద్దవాణ్ణని చూడకు. ఏమీ రాయకపోవడం మాత్రం వద్దు.

ఖమరుద్దీన్


బర్కా,
శుక్రవారం

ఖమరన్నకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. ఉత్తరం చివరికొచ్చేసరికి వస్తుందేమో చూద్దాం.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను గుంత మీద ఆఖరి మట్టి ముద్ద మెత్తుతున్నాను. చేతులు తుడుచుకుని చదివాను. చదివి ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అంజి వచ్చి ఎవరికేమైంది అన్నాడు. ఏమీ లేదన్నాను. బాధేసిందన్నా. చిన్న బాధ కాదు. నాకు జ్వరమొస్తే పదకొండు రోజులు గంజి కాచి పోసిన మనిషివి నువ్వు. ఆ మనిషీ, ఈ చీటీ రాసిన మనిషీ ఒక్కరేనా అని ఐదు రోజులు ఆలోచించాను. అందుకే రాయలేదు.

సంచి గురించి మాత్రం నాకు భయం లేదు. ఎందుకో చెప్తా విను.

ఈ పదిహేనేళ్ళూ సంచులు ఎవరు తడిపారు? నువ్వు మసాలా దంచుతూ, చుట్టూ చేరిన వాళ్ళకు కథలు చెబుతూ, ఉన్నట్టుండి "ఓబయ్యా, సంచి" అని చెయ్యి చాపేవాడివి. తడిసిన సంచి నీ చేతిలో పడేది. అది ఎట్లా తడిసిందో ఏనాడైనా అడిగావా? పొద్దున్నే లేచి మేకల తొట్టి కడిగి, కొత్తనీళ్ళు పట్టి, సంచులు మునగదొక్కి పైన రాళ్ళు పెట్టేవాణ్ణి. మధ్యలో ఒకసారి తిరగేసేవాణ్ణి. ఈ పండగకూ అట్లే చేశాను. నీ చీటీలో ఆ మాట లేకపోతే నేనేమనుకున్నానో తెలుసా? అది ఓబయ్య పని కదా, వాడికి నేను చెప్పేదేముంది అని వదిలేశావనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో. ఇన్నాళ్ళకు అన్న చూశాడు అనుకున్నాను.

నీ రెండో ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది అదేనన్నా. నువ్వు దాచినందుకు కాదు. అది నీ ఒక్కడికే తెలిసిన సంగతి అనుకున్నందుకు.

సరే, అయిపోయింది. మూడో రోజు పొద్దున గుంత తవ్వారు. పాలడబ్బా మూత నల్లబడింది కానీ ఊడలేదు. సంచి విప్పితే ఎముక చేతికొచ్చింది, మాంసం ఆకులోనే ఉండిపోయింది. మామా అజీజా ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఇది ఖమర్ చెయ్యి" అంది. అవును, చీటీ ఆయనదే అన్నాను. నువ్వు ఏం రాశావో, ఏం రాయలేదో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్పను. ఆమె చాలాసేపు నమిలి, "మరి తడి ఎవరిది?" అంది. నాదే అన్నాను. తెలుసులే, తొట్టి దగ్గర నిన్ను కిటికీలోంచి ఏటేటా చూసేదాన్ని అంది. నాకు ఏడుపొచ్చింది.

నా బతాకా రెండేళ్ళకు కొత్తది చేయించమని అర్బాబ్ చెప్పేశాడు. నీకు వీసా రాదన్నా. ఇది మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మామా అజీజా కూడా అడిగి చూసింది. ఆ చెవులతో మెడికల్ దాటలేడు, అడిగి మనిషిని అవమానించొద్దు అన్నాడు అర్బాబ్. ఆయన నీమీద గౌరవంతోనే అన్నాడు.

వచ్చే ఆదివారం ముర్తుజా ఊరికి వస్తున్నాడు. అతని పెట్టెలో నీకొక సంచి పంపుతున్నాను, కొత్తది, ఇక్కడి ముసలామె అల్లింది. పాలడబ్బా మూత పాతదే, మన రూముది. మీ ఇంటి వెనక జాగా ఉంది కదా. గుంత తవ్వు. నిన్ను కూర్చోమన్న వాళ్ళనందరినీ వరసగా కూర్చోబెట్టి వడ్డించు.

ఉంటాను, ప్రియమైన అన్నా. చివరికొచ్చేసరికి చెయ్యి వచ్చింది చూడు.

ఓబయ్య


రాయచోటి,
మంగళవారం

నా ప్రియమైన ఓబయ్యకు,

ముర్తుజా వచ్చి సంచి ఇచ్చిపోయాడు. మూత చేతిలో పట్టుకుని చాలాసేపు ఉన్నాను. మీ వదిన ఏమిటది అంటే, మా రూము తాళం అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, నేనూ విడమరచలేదు.

తొట్టి సంగతి చదివి, పదిహేను పండగలు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. ప్రతి పండగలోనూ నా చెయ్యే కనబడింది. ఆ చేతిలో సంచి పెట్టిన చెయ్యి ఒక్క పండగలోనూ కనబడలేదు. చెవులు పోయింది నిన్నమొన్న. కళ్ళు ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు. క్షమించమని అడుగుతున్నాను, నీకు కుదిరినప్పుడే క్షమించు, తొందర లేదు.

గుంత తవ్వాను. అఖీల్ మొదట నవ్వాడు, అబ్బాజాన్, ఇదేం పిచ్చి అన్నాడు. నేను పార తీసుకుని దిగేసరికి అంగడి మూసి వచ్చి తనూ దిగాడు. ఇద్దరం నడుము లోతు తీశాం. కొడుకూ నేనూ ఒక పని కలిసి చేసి ఎన్నేళ్ళయిందో. నువ్వు కూర్చో అని ఒక్కసారి కూడా అనలేదు. తుమ్మకట్టెలు తెప్పించాను, మేకను మాట్లాడాను. మసాలా తహ్సీన్ చేత దంచిస్తున్నాను, మిక్సీ ముట్టుకోనివ్వలేదు. వీధిలో సగం మందికి చెప్పేశాను. శుక్రవారం నమాజయ్యాక పెట్టాలి.

నిన్న సంచి తడిపి చూద్దామని పెద్ద బకెట్లో నీళ్ళు పట్టి, దాని ముందు నిలబడ్డాను. అక్కడే ఆగిపోయాను. తహ్సీన్ పక్కనే ఉంది, ఎంతసేపు ఉంచాలి దాదా అంది. పదిహేనేళ్ళు ఉస్తాద్ అనిపించుకున్నవాణ్ణి, నాకు తెలియదమ్మా అన్నాను.

చన్నీళ్ళా, ఉడుకునీళ్ళా? ఎన్ని గంటలు? తిరగేసేది ఎప్పుడు? రాయి ఎంత బరువు పెట్టేవాడివి? బయటికి తీశాక నీళ్ళు వార్చేవాడివా, కారుతున్న సంచినే నా చేతికిచ్చేవాడివా? మొదటినుంచి చివరిదాకా రాసి పంపు. నువ్వు రాసేదాకా గుంతలో నిప్పు వెయ్యను.

నీ చీటీ కోసం చూస్తూ,
ఖమరుద్దీన్